కాళేశ్వరం సంగమమూ, రిడ్యూస్‌కిచ్చే సున్నా

"రిడ్యూస్‌కి చివర్లో ఆ సున్నా ఎందుకివ్వాలి? ఇవ్వకపోయినా మొత్తం సరిగ్గానే వస్తోంది కదా!" మహారాష్ట్రలోని సిరొంచ నుంచి ఒక బీసీఏ విద్యార్థి ప్రశ్న ఇది. జావాస్క్రిప్ట్‌లో అర్రే, అంటే విలువల జాబితా, లోని అంశాలను ఒక్కొక్కటిగా పోగుచేసి ఒకే విలువగా మార్చేది రిడ్యూస్. దానికి చివర్లో ఇచ్చే సున్నా ఆ పోగుకి మొదటి విలువ. చాలా మంచి ప్రశ్న. జవాబు వాళ్ళ ఊరి ఒడ్డునే పారుతోంది.

పెన్‌గంగ వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో చేరుతుంది. ఇంకా దిగువన ఇంద్రావతి వచ్చి కలుస్తుంది. రిడ్యూస్ కూడా ఇంతే. అంతదాకా పోగైన నీరు, కొత్తగా వచ్చిన ఏరు కలిస్తే మళ్ళీ ఒకే ప్రవాహం. 4, 7, 9 ఉన్న అర్రే మీద కూడిక నడిపితే పోగు 0 నుంచి 4, 11, 20 అవుతుంది.

ఇక సున్నా. ఆ సంగమం దగ్గరే, సిరొంచకు ఎదుటి ఒడ్డున ఉన్న కాళేశ్వరంలో సరస్వతి అంతర్వాహినిగా కలుస్తుందని భక్తుల నమ్మకం. కలిసినా నీటి కొలత మారని నది! బడి లెక్కల్లో తత్సమాంశం అన్నది ఇదే. కూడికకు 0, గుణకారానికి 1, స్ట్రింగులకు, అంటే అక్షరాల వరసలకు, ఖాళీ స్ట్రింగు. గరిష్ఠానికి మాత్రం రుణ అనంతం. అక్కడ అలవాటుకొద్దీ 0 పెడితే -7, -3, -12లలో పెద్దది 0 అంటుంది. అసలు ఆ సంఖ్య అర్రేలోనే లేదు.

మొదటి విలువ ఇవ్వకపోతే జావాస్క్రిప్ట్ అర్రేలోని మొదటి అంశాన్నే పోగుగా తీసుకుంటుంది. అర్రే ఖాళీ అయితే టైప్‌ఎర్రర్ అనే లోపం చూపిస్తుంది. ఒక్కటే అంశం ఉంటే ఎలా కలపాలో చెప్పే మీ ఫంక్షన్‌ను పిలవనే పిలవదు. ధర ఉన్న ఆబ్జెక్టుల జాబితాలో ధరలు కూడబోతే, ఒకే సరుకున్న రోజు మొత్తానికి బదులు ఆ ఆబ్జెక్టే చేతికొస్తుంది. పరీక్షలో మూడు సరుకులు, అన్నీ వట్టి సంఖ్యలే పెట్టి చూసినవాళ్ళకి ఈ తప్పు కనిపించదు. ఫంక్షన్‌లో రిటర్న్ మరిస్తే పోగు అన్‌డిఫైన్డ్ (విలువ లేనిది) అయిపోతుంది, దానికి సంఖ్య కలిపితే నాన్ (NaN, సంఖ్య కానిది). 10, "20", 30 కూడితే, కోట్స్‌లోని 20 స్ట్రింగు కాబట్టి, కూడిక బదులు పక్కపక్కన అతికి "102030" వస్తుంది.

నదుల పోలికలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది వేరే ఉంది. పెన్‌గంగ, వార్ధా ఎగువన ఎక్కడో కలుస్తున్నాయి, గోదావరి వాటికోసం ఆగదు. ఎవరు ముందు ఎవరితో కలిసినా చివరికి వచ్చే నీరు ఒకటే. ఇదే సహచర ధర్మం. ఈ ధర్మం ఉంటే 1024 సంఖ్యలను జతలు జతలుగా, ఒకేసారి అనేక ప్రాసెసర్ల మీద కలిపి 10 విడతల్లో ముగించవచ్చు. వరసగా అయితే 1023 కూడికలు ఒకదాని వెనక ఒకటి. తీసివేతకు ఈ ధర్మం లేదు. 1, 2, 3, 4లను ఎడమ నుంచి తీసేస్తే -8, కుడి నుంచి కట్టుకుంటూ వస్తే -2. కెనెత్ ఐవర్సన్ రూపొందించిన ఏపీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కుడి నుంచే, అంటే -2.

దశాంశాల కూడికకు కూడా కంప్యూటర్లో ఈ ధర్మం పూర్తిగా లేదు. 0.1, 0.2, 0.3లను ఎడమ నుంచి కూడితే 0.6000000000000001, చివరి రెండూ ముందు కలిపితే 0.6. డబుల్‌లో, అంటే కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచే 64 బిట్ల రూపంలో, 10,00,00,00,00,00,00,000కి 1 చొప్పున రెండుసార్లు కలిపినా అది కదలదు. ఆ రెండు ఒకట్లనూ ముందు కలిపి 2గా చేరిస్తే కదులుతుంది. చిన్నవాటిని ముందు కూడమనేది ఇందుకే.

సగటు దగ్గర ఇంకో చిక్కు. ఒక ఏట్లో 2 పాళ్ళ నీరు, పాలుకి 10 గ్రాముల బురద. ఇంకో ఏట్లో 8 పాళ్ళు, పాలుకి 20 గ్రాములు. కలిశాక బురద పాలుకి 15 గ్రాములు కాదు, 18. సగటును పోగుగా మోయకూడదు, బురద మొత్తాన్నీ నీటి మొత్తాన్నీ జతగా మోయాలి: (20, 2), (160, 8) కలిస్తే (180, 10). భాగహారం చిట్టచివర ఒక్కసారే. ఈ జతకు మొదటి విలువ (0, 0). అర్రే ఖాళీ అయితే అదే మిగులుతుంది కాబట్టి, భాగించే ముందు రెండోది సున్నా అయిందేమో చూడాలి.