మోకాలి గుజ్జు మళ్లీ పెరుగుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కర్నూలులో మా ఓపీకి వచ్చేవాళ్లలో వారానికి ఇద్దరు ముగ్గురైనా ఫోన్‌లో వీడియో చూపించి అడుగుతారు: "సార్, స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుందంట కదా?"

పెరగదు. స్టెమ్ సెల్ అంటే మూలకణం, వేరే రకం కణాలుగా మారగలిగేది. కానీ మోకాలంతా అరిగి, ఎక్స్‌రేలో ఎముకకు ఎముక తగులుతుంటే ఏ సూదీ ఆ గుజ్జును తిరిగి తేలేదు.

పోయిన నెల ఆదోని వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. గొలుసు కుదువ పెట్టి, ఎక్కడో రెండు మోకాళ్లకూ ఆ ఇంజెక్షన్ వేయించుకుంది. కొడుకు ప్లాస్టిక్ కవర్లోంచి బిల్లు తీశాడు. ఏ కణాలో, ఎక్కడ పెంచారో అందులో ఒక్క ముక్క లేదు. "మోసపోయినామా సార్?" అన్నాడు. రాత్రంతా నొప్పితో మేలుకునే మనిషిని ఎలా తప్పుపడతాం?

గుజ్జు కణాలను ల్యాబ్‌లో పెంచడం అబద్ధం కాదు. రోగి సొంత కణాలనే పెంచి మోకాలిలో పెట్టిన ఫలితాలను స్వీడన్ డాక్టర్లు 1994లోనే ప్రచురించారు. కానీ దానికి రెండు ఆపరేషన్లు కావాలి. ఒకసారి చిన్న ముక్క తీసి, కొన్ని వారాలు పెంచి, మళ్లీ కోసి పెట్టాలి. అదీ ఎక్కువగా దెబ్బ తగిలి ఒకచోట గుంట పడిన కుర్రవాళ్లకే. రోడ్డు మీద గుంత పూడ్చే పని అది. అవ్వ మోకాలిలో రోడ్డే లేచిపోయింది.

పీజీ రోజుల్లో ఒక ల్యాబ్‌లో ఆ కణాలను చూశాను. ఫ్లాస్కులో గులాబీ రంగు ద్రవం, అడుగున కణాలు. మొదట గుండ్రంగా ఉన్నవి వారాలు గడిచేకొద్దీ సాగిపోయాయి. "గుజ్జు తయారుచేయడం మర్చిపోయాయి" అన్నారు అక్కడి రీసెర్చ్ మేడమ్. చదునుగా పరిచి పెంచితే వాటి స్వభావమే మారిపోతుంది, ల్యాబ్‌లో పని నెమ్మదించే కారణాల్లో అదొకటి. అది చూసి కూడా నేను ఇంటికొచ్చి "ఐదేళ్లలో వచ్చేస్తుంది మామా" అని మా మేనమామకు మాటిచ్చేశాను. పండగకు కలిసినప్పుడల్లా అడుగుతాడు.

ఎలుక వీపు మీద చెవి ఫొటో పంపేవాళ్లకు: అది 1997 నాటిది, దూడ గుజ్జు కణాలను చెవి ఆకారంలో పెంచి చేసింది, దానికి ఏమీ వినపడదు. ఇదంతా వట్టిదే అనేవాళ్లదీ తప్పే. కాలిన కళ్లకు కణాల పొరను పెంచి అతికించే పని హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రిలో 2000ల్లోనే చేశారు.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తజబ్బులకు చేసే మూలకణ మార్పిడి లాంటి అనుమతి ఉన్న వైద్యాలు తప్ప స్టెమ్ సెల్ వైద్యం ట్రయల్స్‌లోనే, అంటే మనుషుల మీద చేసే పరీక్షల్లోనే జరగాలి. ట్రయల్‌కు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ అంటే సీటీఆర్‌ఐ నంబర్ అడగండి, దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ నంబర్ అది. ట్రయల్ అంటూనే ప్యాకేజీ రేటు చెప్పారా, లేచి వచ్చేయండి.

అవ్వకు టవల్ చుట్టి మోకాలి కింద పెట్టుకుని నొక్కడం నేర్పాం. పదిసార్లు నొక్కి, "దీనికెంత సార్?" అంది.