బేసిక్ మ్యాథ్స్: చిక్కంతా ఆ ఒక్క షరతు దగ్గరే

సీబీఎస్‌ఈ పదో తరగతి విద్యార్థుల వివరాలు బోర్డుకు పంపే ఎల్‌ఓసీ సమయం వచ్చిందంటే తల్లిదండ్రుల మధ్య మళ్లీ అదే చర్చ. లెక్కలకు 041 వేయించాలా, 241 వేయించాలా? 041 స్టాండర్డ్ పేపర్ కోడ్, 241 కాస్త తేలికైన బేసిక్ పేపర్ కోడ్. "మీవాడికి బేసిక్ పెట్టిద్దాం, టెన్షన్ ఉండదు" అంటుంది స్కూలు. "రేపు పదకొండులో మ్యాథ్స్ కావాలంటే ఇస్తారా?" అని ఇంట్లో భయం. ఆ ప్రశ్నకు ఎవరూ తేల్చి జవాబు చెప్పరు. పదో తరగతి లెక్కల భయం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు కాబట్టి, నేరుగా 2019 జనవరి 10కి వెళ్దాం. ఇప్పటి తగవు ఆ రోజు బోర్డు ఇచ్చిన సర్క్యులర్‌తోనే మొదలైంది.

2020 మార్చి పరీక్షల నుంచి లెక్కలకు రెండు స్థాయిల్లో ప్రశ్నపత్రాలు ఉంటాయని ఆ సర్క్యులర్ ప్రకటించింది. సిలబస్ ఒకటే, తరగతిలో పాఠం ఒకటే, స్కూలు వేసే 20 ఇంటర్నల్ మార్కులూ ఒకటే. 80 మార్కుల బోర్డు పేపర్ ఒక్కటే వేరు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. బేసిక్ అంటే పాఠాలు తగ్గుతాయనుకుంటారు. ఒక్క పాఠం కూడా తగ్గదు. ప్రశ్నల సంఖ్య, సెక్షన్లవారీ మార్కుల విభజన కూడా రెండింటికీ ఒకే తీరు. ఇటీవలి నమూనాలో 38 ప్రశ్నలు, మూడు గంటలు.

తేడా అంతా ప్రశ్న అడిగే పద్ధతిలో ఉంది. స్టాండర్డ్‌లో గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం మీద వచ్చే ప్రశ్నలకు 54 శాతం మార్కులు. బేసిక్‌లో వాటికి 75 శాతం. విశ్లేషించి, బేరీజు వేసి రాయాల్సినవి స్టాండర్డ్‌లో 22 శాతం, బేసిక్‌లో 10 శాతమే. వర్గ సమీకరణాల పాఠమే తీసుకోండి. సమీకరణం ఇచ్చి మూలాలు కనుక్కోమంటే సూత్రం తెలిసిన పిల్లాడు చేసేస్తాడు. అదే సమీకరణం ఇంకోలా కూడా రావచ్చు: ఒక రైలు 360 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్లింది, గంటకు 5 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళ్లి ఉంటే గంట ముందే చేరేది, దాని వేగమెంత? ఇక్కడ సమీకరణం ఎవరూ ఇవ్వరు. రెండు ప్రయాణాలకు పట్టిన సమయాలు రాసుకుని, వాటి తేడా ఒక గంట అని పట్టుకుని, అక్కడి నుంచి సమీకరణం దాకా పిల్లాడే రావాలి. వచ్చాక మిగిలేది మొదటి పిల్లాడు చేసిన పనే. జవాబు గంటకు 40 కిలోమీటర్లు.

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. కథను మలుపు తిప్పింది దాని పక్కనే పెట్టిన షరతు. పదకొండులో మ్యాథ్స్ తీసుకోవాలంటే పదిలో స్టాండర్డ్ పాసై ఉండాలి. బేసిక్ రాసినవాళ్లు మనసు మార్చుకుంటే, తప్పినవాళ్లకు మళ్లీ పెట్టే కంపార్ట్‌మెంట్ పరీక్షలో స్టాండర్డ్ రాసి రావాలి. పిల్లల భారం తగ్గించడానికి తెచ్చిన పేపర్ ఆ ఒక్క వాక్యంతో వాళ్ల దారిని నిర్ణయించే పేపర్‌గా మారిపోయింది. ఇంజనీరింగ్ ఆలోచన ఉన్న ఇంట్లో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లాడు ఇంకా సగం సిలబస్ చదవకముందే తేల్చుకోవాల్సిన విషయంగా తయారైంది.

ఈ ఆలోచన అసలు పుట్టిన చోట ఉద్దేశం వేరు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రంతో పాటు ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన పరీక్షల సంస్కరణ పత్రంలో రెండు స్థాయిల ప్రతిపాదన ఉంది. అందులో మామూలు స్థాయి పేరు స్టాండర్డ్, పైది హయ్యర్. విద్యార్థి కొన్ని సబ్జెక్టులు స్టాండర్డ్‌లో రాస్తాడు, మిగతావి హయ్యర్‌లో రాస్తాడు. 2020 జాతీయ విద్యా విధానం కూడా లెక్కలతో మొదలుపెట్టి అన్ని సబ్జెక్టులకూ స్టాండర్డ్, హయ్యర్ స్థాయిలు పెట్టవచ్చనే చెప్పింది. సీబీఎస్‌ఈలో మాత్రం స్టాండర్డ్ పైమెట్టు ఎక్కింది, కింది మెట్టుకు బేసిక్ అని పేరు పడింది. పేరులో ఏముందని అనిపించవచ్చు. కానీ "స్టాండర్డ్ తీసుకున్నాను" అని చెప్పే పిల్లకూ, "బేసిక్ తీసుకున్నాను" అని తలదించుకుని చెప్పే పిల్లకూ మధ్య దూరం ఆ పేరు పెంచిందే. పాతకాలం హైస్కూళ్లలో జనరల్ మ్యాథ్స్, కాంపోజిట్ మ్యాథ్స్ అని ఉండేవి. అప్పటివాళ్లను అడిగితే ఈ దూరం గురించి వాళ్లే చెబుతారు.

షరతు అమల్లోకి రావాల్సిన మొదటి ఏడాదే కరోనా వచ్చింది. కంపార్ట్‌మెంట్ పరీక్షలు ఆలస్యం కావడంతో, బేసిక్ రాసినవాళ్లు కూడా పదకొండులో మ్యాథ్స్ తీసుకోవచ్చని 2020లో బోర్డు సడలింపు ఇచ్చింది. ఈ ఒక్కసారికే అంది. తర్వాత 2021-22కు, ఆ తర్వాతి ఏళ్లకు, 2024-25 దాకా పొడిగిస్తూ వచ్చింది. విద్యార్థికి ఆసక్తి, సామర్థ్యం ఉన్నాయని ప్రిన్సిపాల్ సంతృప్తి చెందితే చాలు. పదకొండులో మామూలు మ్యాథ్స్‌కు బదులు తీసుకునే అప్లైడ్ మ్యాథమెటిక్స్ దారి బేసిక్ వాళ్లకు 2020-21 నుంచి ఎలాగూ ఉంది. అంటే షరతు కాగితం మీద బతికే ఉన్నా, ఆచరణలో 2024-25 దాకా ఏటా పక్కకు తప్పుకుంటూ వచ్చింది. ఎల్‌ఓసీ నింపే నాటికి మాత్రం వచ్చే ఏడాది సంగతి ఇంట్లోవాళ్లకు తెలియదు. సడలింపు ఉంటుందని నమ్మి 241 వేయించాలా, ఉండదేమో అని 041 వేయించాలా?

స్కూళ్ల వాదన కొట్టిపారేయలేం. పాస్‌కు కావాల్సిన 33 శాతం దగ్గరే ఆగిపోయే పిల్లలు ఉంటారు, వాళ్లకు బేసిక్ నిజంగా మేలు చేస్తుంది. నాకు తెలిసిన ఒకమ్మాయి విషయంలో మాత్రం జరిగింది వేరు. ఒక్క యూనిట్ టెస్టులో 40కి 11 వచ్చాయని ఫారంలో 241 రాసి సంతకానికి ఇంటికి పంపారు. ఆ నెల ఆ పిల్ల జ్వరంతో పది రోజులు బడికే వెళ్లలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. ఏ స్థాయి రాయాలో ఎంచుకునే హక్కు విద్యార్థిదే. ఫారం మీద అంకె వేయకముందు ఆమెతో కూర్చుని పాత ప్రశ్నపత్రాలు రెండూ చేయించి చూడటానికి ఒక ఆదివారం చాలు.

చర్చల్లో దాదాపుగా వినిపించని మాట ఇంకొకటి అదే సర్క్యులర్‌లో ఉంది. స్టాండర్డ్ రాసి తప్పిన విద్యార్థి కంపార్ట్‌మెంట్‌లో బేసిక్ రాయవచ్చు. పై స్థాయికి ఎక్కడానికి షరతులు, సడలింపులు, ప్రిన్సిపాల్ సంతృప్తి కావాలి. కిందికి దిగే దారి మాత్రం 2019 నుంచే తెరిచి ఉంది.