మంచితనం పుట్టుకతో వస్తుందా, దేవుడి దయతోనా?

పాలు తాగుతున్న తోటి బిడ్డ వంక గుర్రుగా చూస్తూ మొహం పాలిపోయిన ఒక పసివాడి గురించి తొలినాటి క్రైస్తవ మతగురువు అగస్టీన్ తన ఆత్మకథలో రాశాడు. మాటలైనా రాని బిడ్డకే ఇంత అసూయ ఉంటే మనిషి పుట్టుకతోనే చెడినవాడని, దేవుడి కృప లేనిదే మంచివైపు మళ్లలేడని ఆయన నమ్మాడు. మంచిని ఎంచుకునే శక్తి మనిషికే ఉందని ఆయన కాలంవాడే అయిన మరో క్రైస్తవ బోధకుడు పెలాజియస్ వాదించాడు. 418లో కార్తేజ్ నగరంలో జరిగిన క్రైస్తవ మతసభ పెలాజియస్ బోధనే తప్పుబట్టింది.

కృప ఉందో లేదో ప్రయోగాలతో తేలే సంగతి కాదు. పసివాళ్ల సంగతి మాత్రం పరీక్షించి చూడొచ్చు. 2006లో వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు 18 నెలల పిల్లల ముందు బట్టలు ఆరేశారు. క్లిప్పు జారి కింద పడింది. ఆరేస్తున్న మనిషి చెయ్యి చాచినా అందలేదు. పిల్లలు తప్పటడుగులతో వెళ్లి తీసిచ్చారు. ఇలాంటి రకరకాల పనులు పెడితే 24 మందిలో 22 మంది ఒక్కసారైనా సాయం చేశారు. మెప్పు లేదు, బహుమతి లేదు. క్లిప్పును కావాలని విసిరేసినప్పుడు మాత్రం అంతగా కదల్లేదు. అంటే అవసరాన్ని గుర్తుపట్టారన్నమాట! 2008లో మరికొందరు పిల్లలకు సాయానికి బదులుగా బొమ్మలాంటిది ఇచ్చి చూస్తే, వాళ్లు తర్వాత సాయం చేయడం తగ్గింది. నన్ను బాగా కదిలించింది ఇదే. ఆశ చూపించకముందే ఆ గుణం వాళ్లలో ఉంది.

ఇంకా చిన్న బిడ్డలు అడ్డుపడే బొమ్మ కన్నా సాయం చేసే బొమ్మనే ఇష్టపడతారని 2007లో ఒక అధ్యయనం చెప్పింది. తర్వాత చాలా ల్యాబులు కలిసి అదే ప్రయోగం చేస్తే ఆ మొగ్గు కనబడలేదు. కాబట్టి పుట్టీపుట్టగానే మంచీచెడూ తెలుస్తాయని గట్టిగా అనలేం.

పసివాళ్ల విషయంలో అగస్టీన్ సగమే చూశాడని నాకనిపిస్తుంది. అలాగని పెలాజియస్ మాటా పూర్తిగా నిలవదు. ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోతున్న 40 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం 1973లో అచ్చయింది. వాళ్లు ఒక ప్రసంగం చేయడానికి వెళ్తుంటే దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతుంటాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం మంది సాయపడ్డారు. ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతమే. వాళ్లలో కొందరు వెళ్తున్నది, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి బైబిల్ కథ మీద మాట్లాడటానికే. అయితే ఆగకుండా వెళ్లినవాళ్లు చేరాక టెన్షన్‌గా కనిపించారని పరిశోధకులు రాశారు. వాళ్లకు మనసు లేకపోలేదు, ఒకపక్క పడి ఉన్న మనిషి, మరోపక్క తమకోసం ఎదురుచూస్తున్నవాళ్లు, ఎటూ తేల్చుకోలేకపోయారు.