రెండు 10 గిగాలు కలిస్తే 20 కాదు: వర్చువలైజేషన్‌లో అపోహలు - వాస్తవాలు

అపోహ: సర్వర్‌లో రెండు 10 గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టులు బాండింగ్ చేస్తే, అంటే ఒకే లింక్‌లా కలిపితే, 20 స్పీడ్ వస్తుంది.

రాదండీ, మీరు ఆశపడే చోట అసలు రాదు. ఎల్‌ఏసీపీలో (ఇలా లింకులు కలిపే ప్రోటోకాల్) ప్యాకెట్ల వరుస చెదరకుండా ఒక్కో కనెక్షన్‌ని హ్యాష్ లెక్క (అడ్రసుల నుంచి కట్టే ఒక అంకె) ప్రకారం ఏదో ఒక్క లింక్ మీదే పంపుతారు, కాబట్టి రాత్రి బ్యాకప్ ఒకే కనెక్షన్ మీద నడుస్తుంటే దానికి దక్కేది 10 మాత్రమే, రెండో లింక్ ఖాళీగా కూర్చుంటుంది. పైగా లినక్స్‌లో హ్యాష్ పాలసీ డీఫాల్ట్‌గా లేయర్ 2, అంటే చూసేది ముఖ్యంగా మ్యాక్ అడ్రసులనే (నెట్‌వర్క్ కార్డుల అడ్రసులు). ఒక వీఎం (సర్వర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్) నుంచి గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి ఇచ్చే రౌటర్) దాటి వెళ్లే ట్రాఫిక్ ఎంత ఉన్నా అవతలి మ్యాక్ ఒకటే కదా, అంతా ఒకే దారి పడుతుంది. లేయర్ 3+4 పెడితే ఐపీలు, పోర్టులు కూడా లెక్కలోకి వచ్చి కాస్త సర్దుకుంటుంది. అయితే అది బయటికి వెళ్లేదానికే. లోపలికి వచ్చేది ఏ లింక్‌లో రావాలో తేల్చేది స్విచ్, అక్కడి సెట్టింగ్ కూడా చూడాలి. ఇది మర్చిపోయి సర్వర్ వాళ్లు, నెట్‌వర్క్ వాళ్లు ఒకరి మీద ఒకరు టికెట్లు వేసుకుంటుంటారు.

అపోహ: హోస్ట్‌లో (వీఎంలు నడిచే అసలు సర్వర్) ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు, 9000 బైట్లు పెడితే జంబో ఫ్రేములు (మామూలు 1500 కంటే పెద్దవి) వచ్చేసినట్టే.

దారిలో ఒక్క స్విచ్ 1500 దగ్గరే ఆగిపోయినా పెద్ద ఫ్రేముల్ని చడీచప్పుడు లేకుండా పడేస్తుంది. పింగ్ వెళ్తుంది, లాగిన్ అవుతుంది, పెద్ద ఫైల్ కాపీ మాత్రం మధ్యలో బిగుసుకుపోతుంది. ఫ్రాగ్మెంట్ (ముక్కలు) చేయొద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ కొట్టండి (ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ 8 పోగా మిగిలేది అంతే). అది వెళ్తేనే సెటప్ అయినట్టు.

అపోహ: వీఎం స్లోగా ఉంటే వీసీపీయూలు (దానికిచ్చే వర్చువల్ ప్రాసెసర్లు) పెంచితే సరి.

ముందు లినక్స్ గెస్ట్‌లో (వీఎం లోపలి సిస్టమ్) టాప్ కమాండ్ తెరిచి స్టీల్ ఎంతుందో చూడండి, వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ అయితే హోస్ట్‌లో రెడీ టైమ్; రెండూ ప్రాసెసర్ కోసం వీఎం ఎదురుచూసిన సమయమే. అది ఎక్కువుంటే అసలు కోర్ల కోసమే క్యూ ఉన్నట్టు, ఇంకో నాలుగు ఇస్తే క్యూ పెరుగుతుందే తప్ప తరగదు. అవసరానికి మించి ఇచ్చిన వీఎంలకి తగ్గించండి, లేదా కొన్నిటిని వేరే హోస్ట్‌కి పంపండి.

అపోహ: స్నాప్‌షాట్ (వీఎం ఒక క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టుకునేది) ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?

స్నాప్‌షాట్‌లో ఉండేది తేడాలే. అసలు డిస్క్ పోతే దాంతో చేసేదేమీ లేదు. 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ వాళ్లే చెబుతారు, అయినా నెలల నాటివి పెరిగి పెరిగి డేటాస్టోర్‌ని (వీఎం డిస్కులు ఉండే స్టోరేజ్) నింపేసేదాకా ఎవరూ వాటి జోలికి పోరు.