వరానికి షరతు, కథకు నవ్వు: పురాణాలతో హాస్య సైన్స్ ఫిక్షన్ రాయడంపై అపోహలు – వాస్తవాలు

పుట్టింది కడప జిల్లాలో, ఉంటున్నది అనంతపురంలో. పురాణాల్ని, సైన్సును కలిపి నవ్వించే కథలు రాస్తాను. కొత్తగా రాయాలనుకునే పిల్లలు కథలు పట్టుకొని ఇంటికి వస్తుంటారు. వాళ్ల నోట పదే పదే వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: దేవుళ్లను సైన్స్ కథలోకి తెచ్చి నవ్విస్తే అపచారం.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మలాట చూసినవాళ్లు ఈ మాట అనరు. రామాయణం నడుస్తుండగానే తెర మీదికి కేతిగాడు, బంగారక్క దూకుతారు. జనం కడుపుబ్బ నవ్వుతారు, మళ్లీ రాముడి బొమ్మ రాగానే చేతులు జోడిస్తారు. ఆ నవ్వు పడేది మనుషుల ఆశ మీద, గొప్పల మీద. నేను పాటించేదీ అదే. నా కథల్లో యముడు నవ్వులపాలు కాడు, యముడికి లంచం ఇవ్వబోయినవాడు అవుతాడు.

అపోహ: సైన్సంతా మన పురాణాల్లోనే ఉంది, దాన్ని రుజువు చేస్తే కథ అయిపోతుంది.

దీనికి అందరూ చూపించేది భాగవతంలోని కకుద్మి కథ. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆ రాజు బ్రహ్మలోకం పోతాడు. అక్కడ గానం జరుగుతుంటే కాసేపు ఆగి, తర్వాత తన మనసులో ఉన్న వరుల సంగతి చెబుతాడు. బ్రహ్మ నవ్వి, నువ్వనుకున్నవాళ్లెవరూ లేరు, వాళ్ల మనవళ్ల పేర్లు కూడా ఇప్పుడు వినపడవు, 27 చతుర్యుగాలు గడిచిపోయాయి అంటాడు. చతుర్యుగానికి 43,20,000 ఏళ్ల చొప్పున లెక్కేస్తే 11 కోట్ల 66 లక్షల పైచిలుకు సంవత్సరాలు!

ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన, కాలం అందరికీ ఒకేలా నడవదన్న మాట ఇదే కదా అంటారు. కాదు. అక్కడ కాలం నెమ్మదించడానికి కారణం వేగం. 1915లో గురుత్వాకర్షణ కూడా తోడైంది. రెండింటికీ లెక్క ఉంది. ఆ లెక్క ప్రకారమే జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు మన గడియారాల కంటే రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, వాటిని సరిదిద్దుకుంటారు. భాగవతంలో అలాంటి లెక్క లేదు, ఉండాల్సిన పనీ లేదు. కథకుడికి అక్కడ దొరికేది పెళ్లికొడుకుల జాబితా పట్టుకొని నిలబడిన తండ్రి ముఖం. చివరికి రేవతి బలరాముడి భార్య అవుతుంది. పాతకాలపు పిల్ల మరీ పొడుగ్గా ఉందని ఆయన నాగలితో కిందికి వంచాడని విష్ణుపురాణం చెబుతుంది. నవ్వు కూడా అక్కడే ఉంది చూడండి.

అపోహ: హాస్యమంటే మాటల్లో జోకులు పేల్చడం.

నేను అందరికంటే ఎక్కువసేపు వాదించేది దీని మీదే. అహోబిలం కొండెక్కి ఉగ్రస్తంభం చూసి వచ్చినవాళ్లను అడగండి, హిరణ్యకశిపుడు ఎలా చచ్చాడో. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. మనిషి కాదు, మృగం కాదు. అన్ని దారులూ మూసేశానని వాడి ధీమా. మూసిన దారుల మధ్య సందు ఉంది. సంధ్యవేళ, గడప, నరసింహుడు.

మనుచరిత్రలో ప్రవరుడి సంగతీ అంతే. కాళ్లకు పసరు పూసుకొని హిమాలయాలకు ఎగిరిపోయాడు. పసరు మంచునీటికి కరిగిపోతుందన్న ఆలోచన లేదు. ఇంటికి చేరే దారి లేక నిలబడ్డాడు. అంత చక్కటి యంత్రలోపాన్ని రాసిన పెద్దనకు రాయలిచ్చిన అగ్రహారాల్లో మా కడప జిల్లా కోకటం ఒకటని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వరానికి షరతు ఉన్నట్టే కథలోని యంత్రానికీ షరతు ఉండాలి. మొదటి పేజీలోనే అది పాఠకుడికి తెలియాలి. నవ్వు ఆ షరతు దగ్గరే పుడుతుంది. ఏదైనా చేయగల యంత్రంతో ఎవరినీ నవ్వించలేం.

అపోహ: ఎలాగూ కల్పనే కదా, అంకెలు ఎలా ఉంటేనేం.

బోరు వేస్తుంటే బలిచక్రవర్తి లోకం తగిలినట్టు ఒక కథ రాసినాను. బోరు బండాయన అడుగుకు ఇంత అని రేటు చెబితే, "అడుగుల లెక్కలో ఒకసారి మునిగినాను, ముందు నీ అడుగు కొలత చూపించు" అంటాడు బలి. ఒక పల్లెలో చదివితే ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన లేచినాడు.

"ఏమప్పా, మా చేన్లో వెయ్యడుగులు దిగినా దుమ్మే లేసె. నీకు మున్నూరుకే పాతాళం యాడ తగిలె?"

ఆయన చెప్పింది నిజం. కేసింగ్ పైపు దించిన రోజు నుంచి అప్పు కట్టేవాళ్ల ముందు నేను మూడు వందల అడుగులని చదివినాను. ఆ అంకె అబద్ధమని తెలిసిన చోటే వాళ్లు కథలోంచి బయటికి వచ్చేసినారు. ఆ రాత్రే 1,400 అడుగులని దిద్దినాను. భాగవతం తీసి చూస్తే ఇంకో తప్పు కూడా కనపడింది. బలి ఉండేది పాతాళంలో కాదు, సుతలంలో. అతలం, వితలం తర్వాత మూడోది. పాతాళం ఏడోది, అన్నిటికన్నా అడుగున. ఇప్పుడు కథలో బోరాయన "ఇంకా నాలుగు లోకాలు దించితే నీళ్లు పడొచ్చు" అంటాడు. రైతులు నవ్వేది ఆ మాటకే.

అపోహ: తత్వం చెప్పడానికి చివర్లో ఒక స్వామి రావాలి.

అక్కర్లేదు. పింగళి సూరన నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు, అది భూమ్మీద నిజంగా జరుగుతుంది. మనం బతుకుతున్నామా, ఎవరో చెబుతుంటే నడుస్తున్నామా అన్న ప్రశ్న ఆ కథ నడకలోనే ఉంది, ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

ఇప్పుడు రాస్తున్న కథలో మనిషిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపే యంత్రం ఉంది. షరతు ఒకటే: అవతల మనిషి తయారైనాకే ఇవతలి మనిషి మాయమవుతాడు. సరిగ్గా ఆ మధ్యలో కరెంటు పోతుంది. కడపలో ఒకడు, అనంతపురంలో ఒకడు మిగిలిపోతారు. నేనంటే నేను అసలని కొట్లాడుకుంటూ ఇద్దరూ ఇంటికి వస్తారు. ఆ పిల్లోని అమ్మ ఎవరు అసలని అడగదు. ఇంకో ముద్ద సంగటి గెలికి, రెండో తట్ట పెట్టి, "కాళ్లు కడుక్కోని రాండి నాయనా, సల్లారిపోతాంది" అంటుంది.