పథ్యం పేరుతో పస్తులు: మంచం పట్టినవాళ్ళ తిండిపై అపోహలు, వాస్తవాలు

నేను ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే నర్సుని. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో కొన్నేళ్ళు పర్లాకిమిడి, పాతపట్నం వైపు తిరిగాను, ఇప్పుడు ఇచ్ఛాపురం వైపు. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి ఎముక విరిగినవాళ్ళు, టీబీ, కిడ్నీ జబ్బు, క్యాన్సర్ ఉన్నవాళ్ళు నా రోగులు. వెళ్ళగానే బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం, పుండుకు కట్టు మారుస్తాం. కంచంలో ఏముందో మాత్రం అడగకుండానే వచ్చేస్తుంటాం. నేనూ చాలాకాలం అలాగే వచ్చేశాను. ఈ ఇళ్ళలో రోగిని ఎవరూ నిర్లక్ష్యం చేయరు. ప్రేమతోనే, ఏమవుతుందోనన్న భయంతోనే ఒక్కొక్కటీ కంచంలోంచి తీసేస్తారు. చివరికి చారన్నం మిగులుతుంది.

అపోహ: "ఏటి సిస్టరమ్మా, ఈ వయసులో ఇంకేటి ఒళ్ళు పడతాది?"

వయసుతో కండ కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఆరు నెలల్లో ఉన్న బరువులో 5 శాతానికి మించి తగ్గితే దాన్ని వయసు మీదకు నెట్టకూడదు. 50 కిలోల మనిషికి అది రెండున్నర కిలోలు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 18.5 కంటే తక్కువుంటే పోషకాహార లోపం కింద లెక్క. 70 దాటినవాళ్ళలో 20 కంటే తగ్గినా అనుమానించాలి.

లేచి నిలబడలేని మనిషిని తూకం మీద ఎలా ఎక్కిస్తామని అడుగుతారు. అక్కర్లేదు, టేపు చాలు. ఎడమ భుజం ఎముకకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టుకొలత తీయండి. 23.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే బీఎంఐ 20 లోపే ఉండే అవకాశం ఎక్కువ. టేపు కూడా లేకపోతే గాజులు చూడండి. ఒక మామ్మగారి గాజులు చెయ్యెత్తితే మోచేతి దాకా జారేవి. నెలరోజులుగా ఆ చేతికే బీపీ పట్టీ కడుతున్నాను, అయినా నా కంటికి ఆనలేదు.

అపోహ: "లావుగానే ఉన్నారుగా, లోపం ఏముంటుంది?"

ఒళ్ళు లావుగా ఉండి కండ కరిగిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు. కాళ్ళలో నీరు చేరితే తూకం పెరుగుతుంది కూడా. ఒకసారి రెండు కిలోలు పెరిగిందని సంతోషంగా రాసుకున్నాను. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది. అప్పటినుంచి ముందు పాదం నొక్కి చూసి, ఆ తర్వాతే తూకం రాస్తాను.

అపోహ: "సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది."

ఈ మాట విననిదే నాకు రోజు గడవదు. ఉప్పు సెలైన్‌లో కేలరీలు సున్నా. 5 శాతం గ్లూకోజ్ బాటిల్ అరలీటరులో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే 85 కేలరీలు. అన్నంలో రెండు చెంచాల నువ్వుల నూనె కలిపితే దాదాపు అంతే వస్తుంది. మాంసకృత్తులు (ప్రొటీన్లు) ఆ బాటిల్లో బొత్తిగా ఉండవు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు సెలైన్ ప్రాణం నిలుపుతుంది, అది వేరే సంగతి. బలం కోసమని వారానికో బాటిల్ ఎక్కించుకునే డబ్బుతో ఇంట్లో రోజూ గుడ్లు వండొచ్చు. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకు ఆ నీరే ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది.

అపోహ: "పప్పు, గుడ్డు పెడితే పుండు చీము పడుతుంది."

చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పప్పుకీ దానికీ సంబంధం లేదు. పుండు మానడానికి కొత్త కండ పుట్టాలి, అది మాంసకృత్తులతోనే పుడుతుంది. వీపు మీద పడక పుండు ఉన్నవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి. 50 కిలోల మనిషికి 60 గ్రాములు దాటుతుంది. మూడు పూటలా చారన్నమే పెడితే ఎంత వస్తుందో లెక్క వేయండి: పావు కిలో బియ్యం తిన్నా సుమారు 20 గ్రాములు. మిగతాది ఎక్కడినుంచి రావాలి? రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, గట్టి పప్పు, గుప్పెడు వేరుశనగ గుండ. చోడి (రాగి) అంబలిలో నీళ్ళు తగ్గించి పాలు పోస్తే అదీ ఓ మంచి పూట. మన వైపు ఉలవలకు కొదవ లేదు, కానీ తేటచారు వంచి ఉలవలు పశువులకు వేస్తారు. ఆ ఉలవల్నే మెత్తగా రుబ్బి రోగికి పెట్టమంటాను.

అపోహ: "కిడ్నీ పేషెంటుకి మాంసకృత్తులు విషం."

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. డయాలసిస్ మొదలుకాకముందు డాక్టర్లు మాంసకృత్తులు తగ్గించమంటారు. అది సరైన సలహాయే, కానీ తగ్గించమన్నారే తప్ప మానేయమనలేదు. అన్నం, నూనె ద్వారా కేలరీలు పూర్తిగా అందాలి, లేకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. డయాలసిస్ మొదలయ్యాక లెక్క మారిపోతుంది. ప్రతి విడతలోనూ అమైనో ఆమ్లాలు (మాంసకృత్తులు వీటితోనే తయారవుతాయి) కొంత బయటికి పోతాయి కాబట్టి కిలో బరువుకు 1.0 నుంచి 1.2 గ్రాములు తినాలి. చాలా ఇళ్ళలో మాత్రం రెండేళ్ళ కిందటి పాత చార్టే గోడకు వేలాడుతుంటుంది.

ఒక ఇంట్లో ఆసుపత్రి ఇచ్చిన కాగితం చూశాను. ఇంగ్లీషులో ఒక్క ముక్క: లో ప్రొటీన్ డైట్, అంటే మాంసకృత్తులు తక్కువున్న తిండి. ఎన్నాళ్ళు, ఎంత, ఏవి అన్నది లేదు. ఆ పెద్దాయన డయాలసిస్‌కి వెళ్తూ ఎనిమిది నెలలు పప్పు, గుడ్డు, చేప ముట్టలేదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని పోరాడారు. ఆ గడ్డ మీద రోగి పథ్యం రోగికి అర్థంకాని భాషలో రాయడం నాకు బాధగా ఉంటుంది. ఇప్పుడు నేనే తెలుగులో, ఒడియా ఇళ్ళలో వాళ్ళ పిల్లల చేత ఒడియాలో, రాసి అంటిస్తున్నాను.

ఇంకో మాట. చూడ్డానికి వచ్చిన చుట్టాలు కొబ్బరి బొండాలు తెస్తారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ చెడినవాళ్ళకు గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఎండు చేపల ఉప్పూ మంచిది కాదు. గుడ్డు తెల్లసొన, కొద్దిగా వండిన తాజా చేప లాంటివి డాక్టరుతో మాట్లాడి పెట్టొచ్చు.

అపోహ: "ఎన్నాళ్ళో తినలేదు, ఇప్పుడు కడుపునిండా పెట్టేద్దాం."

పది రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోతాయి. ప్రాణం మీదకు రావచ్చు. కొద్దికొద్దిగా మొదలుపెట్టి, డాక్టరు పర్యవేక్షణలో బి1 విటమిన్ ఇస్తూ, రోజురోజుకీ పెంచాలి. పక్షవాతం వచ్చినవాళ్ళకు ఇంకో జాగ్రత్త: పడుకోబెట్టి గంజి పోయొద్దు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టాలి, అరగంట అలాగే కూర్చోనివ్వాలి. తింటుంటే దగ్గొచ్చినా, గొంతు గరగరమన్నా వెంటనే ఆపాలి. పల్చటి నీళ్ళు చిక్కటి జావ కంటే తొందరగా ఊపిరితిత్తుల్లోకి జారతాయి.

అపోహ: "టీబీకి మందులుంటే చాలు, తిండి తర్వాత."

జార్ఖండ్‌లో టీబీ రోగుల తిండిపై చేసిన 'రేషన్స్' అనే పరిశోధన ఫలితాలు 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చాయి. మందులతో పాటు బియ్యం, పప్పు, పాలపొడి, నూనె అందుకున్న రోగుల్లో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్ళకు మరణ ప్రమాదం సుమారు 60 శాతం తక్కువగా కనిపించింది. అందుకే టీబీ ఇళ్ళలో తూకం రాయకుండా నేను గడప దాటను.

టీబీ రోగుల తిండికి ప్రభుత్వం డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు వచ్చేది 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు, అంతకుముందు 500. మన సరిహద్దులో చిక్కేమిటంటే మందులు ఒడిశాలోని బరంపురంలో మొదలుపెట్టి అమ్మగారింటికని ఇటు వచ్చేస్తారు. ఇక్కడ మళ్ళీ కొత్తగా పేరు రాయించుకోనక్కర్లేదు. టీబీ రోగిగా పేరు రాయించుకున్నప్పుడు ఇచ్చే నిక్షయ్ నంబరు దేశమంతటికీ ఒకటే, కేసును ఇటు ట్రాన్స్‌ఫర్ చేయమని అడగండి. బ్యాంకు ఖాతా నంబరు అందులో ఎక్కిందో లేదో అదే రోజు చూసుకోండి.