రెండు సెకన్ల ఇనుప చప్పుడు వెనక కథ

జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్ కేసు మళ్లీ చర్చకొచ్చింది, వాళ్ల పాటలోంచి వేరేవాళ్లు అడక్కుండా తీసుకున్న రెండు సెకన్ల ముక్క కోసం ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగడమేంటని చాలామంది అడుగుతున్నారు. వాళ్ల స్టేజీ రోబోలు, ఎర్ర చొక్కాలు, "ఆటోబాన్" పాట అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. కానీ ఒకటి మర్చిపోతున్నారు. 1970లో డ్యూసెల్‌డార్ఫ్‌లో రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియన్ ష్నైడర్ మొదలుపెట్టినప్పుడు వీళ్లవి మామూలు పాటలు కాదు, ఫ్లూట్‌నీ ఆర్గన్‌నీ మెషీన్లలో వేసి మెలితిప్పి తీసిన రొద, మొదటి ఆల్బమ్ చివర్లోనైతే బాంబులు పడుతున్నట్టే ఉంటుంది.

ఆ రొద 1977కల్లా ఒక లెక్కలోకి వచ్చింది. ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్ ఆల్బమ్‌లో టైటిల్ పాట అవ్వగానే "మెటాల్ ఔఫ్ మెటాల్" మొదలవుతుంది, పేరుకి అర్థమే లోహం మీద లోహం, మాటల్లేవు, చెప్పుకోదగ్గ రాగం కూడా లేదు. అక్కడ చప్పుడే పాట.

1997లో జర్మన్ హిప్‌హాప్ ప్రొడ్యూసర్లు మోజెస్ పెల్హామ్, మార్టిన్ హాస్ కలిసి రాపర్ సబ్రినా సెట్లూర్ పాడిన "నూర్ మియర్" కోసం ఆ చప్పుడులోంచి రెండు సెకన్లు తీసుకుని, కాస్త నెమ్మది చేసి పాట పొడుగునా లూప్ చేశారు, అంటే మళ్లీ మళ్లీ తిప్పారు, అడగలేదు. అందుకే కేసు. హిప్‌హాప్ పుట్టిందే శాంప్లింగ్ మీద, అంటే పాత రికార్డుల ముక్కలు తీసి వాడుకోవడం మీద, ప్రతి ముక్కకీ పర్మిషన్ అంటే కొత్త సంగీతం రాదు అన్నది వాళ్ల వాదన. 1982లో అమెరికాలో "ప్లానెట్ రాక్" అనే హిప్‌హాప్ పాట చేసినవాళ్లు కూడా క్రాఫ్ట్‌వెర్క్‌నే వాడుకున్నారు, కానీ రికార్డులోంచి ఎత్తలేదు, మళ్లీ వాయించుకున్నారు, తర్వాత డబ్బులు కూడా కట్టాల్సి వచ్చింది.

నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే ఉంది. 2004లో హాంబర్గ్ కోర్టు క్రాఫ్ట్‌వెర్క్ వైపు తీర్పిచ్చింది సరే, 2008లో జర్మనీ సుప్రీం సివిల్ కోర్టు రికార్డింగ్‌లో చిన్న ముక్కకి కూడా రక్షణ ఉంటుందని చెప్పి ఒక పరీక్ష పెట్టింది, 2012లో దాన్నే ఖరారు చేసింది: మామూలు నైపుణ్యం, మామూలు పరికరాలు ఉన్న ప్రొడ్యూసర్ ఆ చప్పుడుని సొంతంగా తయారు చేసుకోగలడా? చేసుకోగలిగితే ఎత్తుకోకూడదు. 1997 నాటి పరికరాలతో చేసుకోగలిగేవాళ్లే అని తేలింది. అంటే పెల్హామ్‌కి దారి ఉంది, ఇనుము దొరకనిదేం కాదు, కానీ ఇంకొకళ్లు స్టూడియోలో కూర్చుని సాధించిన చప్పుడుని అలాగే తీసుకోవడం తేలిక. ఆ ఒక్క ప్రశ్నలో మొత్తం గొడవ ఉందని నా నమ్మకం.

ఆ పరీక్షని 2016లో రాజ్యాంగ కోర్టు పక్కన పెట్టేసింది, కళా స్వేచ్ఛకి విలువివ్వలేదని. 2019లో లక్సెంబర్గ్‌లో ఉన్న యూరోపియన్ యూనియన్ కోర్టు, ఎంత చిన్న శాంపిల్ అయినా చెవికి గుర్తుపట్టేలా ఉంటే పర్మిషన్ కావాలంది. 2020 ఏప్రిల్ 30న దాని మీద జర్మనీలో తీర్పొచ్చేసరికి ష్నైడర్ లేడు, కొద్దిరోజుల ముందే పోయాడు.

ఇప్పటి గొడవంతా పాస్టిష్, అంటే శైలిని అనుకరిస్తూ చేసే రచన, అనే మాట మీద. 2021 జూన్ 7 నుంచి జర్మనీ చట్టంలో పాస్టిష్‌కి మినహాయింపు వచ్చింది, 2022లో హాంబర్గ్ హైకోర్టు ఆ తేదీ తర్వాతి వాడకం తప్పు కాదంది, దాంతో 2023 సెప్టెంబర్‌లో పాస్టిష్ అంటే ఏంటో చెప్పమని కేసుని మళ్లీ లక్సెంబర్గ్ కోర్టుకి పంపారు. 2025 జూన్‌లో ఆ కోర్టుకి సలహా అభిప్రాయం ఇచ్చే అడ్వొకేట్ జనరల్ ఎమిలియూ చెప్పిందాని ప్రకారం పాస్టిష్ అంటే పాత రచన శైలిని అందుకుని, దానికంటే తేడాగా ఉంటూ, ఇది అనుకరణ అని వినేవాళ్లకి తెలియాలనే ఉద్దేశంతో చేసింది. ఇప్పుడు "నూర్ మియర్" వినండి, అందులో క్రాఫ్ట్‌వెర్క్ శైలిని అనుకరించడం నాకైతే ఎక్కడా వినపడదు, ఆ రెండు సెకన్లు వెనకాల బీట్ మోస్తున్నాయి, అంతే.